నాలుగు గదుల పెట్టె

అతన్ని అందరూ టకటక అంటారు. పెట్టిన పేరు ఒకటుంది గానీ అది ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా అక్కరకు రాలేదు. ఏ వస్తువు కంటపడినా వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, తల పక్కకి వంచి వినడం అతని అలవాటు. తలుపు, బల్ల, బస్సు సీటు వెనక రేకు, ఎదుటివాడి నెత్తిన హెల్మెట్, ఏదైనా సరే. ఒకసారి చిన్నాన్న కొడుకు కొత్త ఇల్లు కట్టుకుని పిలిస్తే వెళ్ళి, ఆరు తలుపులూ వరసగా కొట్టి చూసి, "నాలుగు బోలువి, రెండే గట్టివి" అని పదిమందిలో తేల్చి చెప్పి వచ్చాడు. ఆ అన్నయ్య ఇప్పటికీ మాట్లాడడు. అందులో తన తప్పేమిటో టకటకకి ఇప్పటికీ అర్థం కాదు. నిజంగానే నాలుగు బోలువి.

పని చేసేది కార్ల సామాను అమ్మే షాపు వెనక, రేకుల షెడ్డులో. అందులో ఒక కారు పడుతుంది. కారుకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మిగులుతుంది. ఆ సందులోనే అతని బల్ల, రంపాలు, జిగురు డబ్బాలు, స్క్రూల సీసాలు. కార్లలో బేసు కోసం పెట్టే పెద్ద స్పీకర్లకు, అంటే వూఫర్లకు, చెక్క పెట్టెలు చేస్తాడు. పదేళ్ళుగా అదే పని. చేసిన పెట్టెల్లో ఒక్కదాని గీత కూడా అతనిది కాదు.

గీతలు గీసేది ఇంజనీరు. పదేళ్ళలో టకటక ఆయన్ని మూడుసార్లు చూశాడేమో. కారు మోడలు, స్పీకరు సైజు ఫోనులో పంపితే ఆయన కంప్యూటర్లోంచి ఒక కాగితం వస్తుంది. పొడవు ఇంత, లోతు ఇంత, రంధ్రం ఇంత. కింద కుడివైపు మూలన ఆయన సంతకం, సంతకం కింద డిగ్రీ. ఆ కాగితాన్ని షాపు ఓనరు శుభలేఖలా రెండు చేతులా పట్టుకొచ్చి బల్ల మీద పెడతాడు. పెట్టె బాగా పలికితే "ఇంజనీరు గీతంటే మాటలా" అంటాడు. పలక్కపోతే "కోతలో ఎక్కడో తేడా కొట్టింది" అంటాడు. ఎటు తిరిగినా ఒకడే గెలిచే ఆటలో పదేళ్ళు అవతలి పక్షాన నిలబడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. టకటకకి పొద్దున లేవగానే మండటం మొదలయ్యేది.

తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. ఆ తర్వాత చదివిందంతా పాత కాగితాల కొట్టులో దొరికిందే. అక్కడే ఒక భౌతికశాస్త్రం పుస్తకం దొరికింది, మొదటి నలభై పేజీలు లేకుండా. శబ్దం మీద పాఠం మాత్రం అక్షరం పోకుండా ఉంది. దాన్ని నాలుగేళ్ళుగా చదువుతున్నాడు. అర్థంకాని చోట గోడ మీద పెన్సిలుతో రాసుకుంటాడు. అర్థమయ్యాక చెరపడు.

"అందుకేరా, నీకు ఎవరేం చెప్పినా నలభై ఒకటో పేజీ నుంచే వినపడుతుంది" అంటాడు బావ.

బావ అంటే అక్క మొగుడు. అదే షెడ్డులో వైర్లు లాగే పని ఆయనది. బావమరిదిని ఆ పనిలోకి తెచ్చిందీ, రోజుకు నాలుగుసార్లు అందుకు నెత్తి కొట్టుకునేదీ ఆయనే. ముగ్గురూ ఉండేది రెండు గదుల ఇంట్లో. రాత్రి అన్నాల దగ్గర కూడా టకటక కూర్చోడు. కంచం చేత్తో పట్టుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ తింటాడు. "కింద పడ్డ మెతుకులు చూసి చెప్పొచ్చు వీడు ఏ దారిన వెళ్ళాడో" అంటుంది అక్క.

ఒక సోమవారం ఉదయం షెడ్డు ముందు నీలం రంగు పాత బండి ఆగింది. వెనక డోరు పైకి లేచే రకం, వ్యానుకీ కారుకీ మధ్యలో ఉంటుంది. అందులోంచి మెడలో ఈల వేలాడేసుకున్న ఒకావిడ దిగింది. ఒకప్పుడు బడిలో ఆటల టీచరు. ఇప్పుడు ఆడవాళ్ళకు వ్యాయామం నేర్పుతుంది. నలభై మంది దాకా వస్తారట. వెనక సీటు మీద నాలుగు కొత్త వూఫర్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి.

"రెండు పెట్టి చూశాను, చాల్లేదు. ఈసారి నాలుగు కొన్నాను. నాలుగూ కలిపి ఒకే పెట్టెలో పెట్టాలి" అంది మేడం.

"దానికేముందమ్మా, కొలతలు పంపిస్తే మా ఇంజనీరు రెండు రోజుల్లో గీసి ఇచ్చేస్తాడు" అన్నాడు ఓనరు.

మేడం ఇంకా ఏదో చెబుతోంది. క్లాసు ఎక్కడ జరుగుతుంది, ఎలా జరుగుతుంది, తనెక్కడ నిలబడుతుంది అని. టకటక తల అప్పటికే డిక్కీలో ఉంది. నేల రేకు కొట్టాడు, పక్క రేకు కొట్టాడు, చక్రం మీది గుబ్బ కొట్టాడు. డిక్కీ నిండా చుట్టిపెట్టిన మ్యాట్లున్నాయి. అవి పోగా ఎంత చోటు మిగులుతుందో జానలు వేసి చూశాడు. నాలుగు వూఫర్లు, ఒకే పెట్టె. ఈ షెడ్డులో ఇంతవరకూ రెండుకు మించి ఎప్పుడూ చెయ్యలేదు. ఇంజనీరు కూడా నాలుగు గీసి ఉండడు.

డిక్కీలోంచి తల తియ్యకుండానే అన్నాడు. "సార్, ఇది నేను గీస్తాను."

ఓనరు చేతిలో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. మాట్లాడుతూ ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాడు. ఆ చెయ్యి ఆగింది.

"ఏమన్నావు?"

"నేను గీస్తానన్నాను. పదేళ్ళు కోశాను కదా. ఎక్కడ ఎందుకు కోస్తున్నానో ఆమాత్రం తెలీదా?"

"డాక్టరు దగ్గర పదేళ్ళు మందులిచ్చినవాడు ఆపరేషన్ చేస్తానన్నాడట!"

"చెయ్యనివ్వండి సార్" అన్నాడు బావ, నవ్వు ఆపుకుంటూ. "చస్తే స్పీకర్లేగా చచ్చేది."

"నా స్పీకర్లవి" అంది మేడం.

ఓనరు గుడ్డను భుజాన వేసుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. తనకు తెలియని విషయంలో కాగితాన్ని నమ్మేవాడు, అంతే. చివరికి వేలు చూపించి అన్నాడు. "సరేరా. శనివారానికి పెట్టె తయారవ్వాలి. నేనే కూర్చుని వింటాను. పలికితే ఈ షెడ్డులో ఇకనుంచి గీత నీదే, ఇంజనీరుకి పంపడం మానేస్తాను. పలక్కపోతే మాత్రం నోరు మూసుకుని ఆయన గీత మీద రంపం పెట్టాలి. మళ్ళీ ఇది ఎందుకలా, అది ఎందుకిలా అని అడగకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా" అన్నాడు టకటక. మాట పూర్తికాకముందే కొలబద్ద తీశాడు.

వూఫరంటే ముందుకీ వెనక్కీ కొట్టుకునే గిన్నె. అది ముందుకి నెట్టే గాలీ, వెనక్కి లాగే గాలీ బయట కలిశాయంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి, బేసు మిగలదు. అందుకని వెనక గాలిని పెట్టెలో బంధిస్తారు. పెట్టె లోపల ఎంత చోటుండాలనేదే అసలు లెక్క. ఎక్కువైతే గిన్నె అదుపు తప్పి కొట్టుకుంటుంది, తక్కువైతే ఊపిరాడక బిగుసుకుపోతుంది. నాలుగు పెట్టాలంటే ఒక్కోదానికి ఇరవై లీటర్ల లెక్కన ఎనభై. స్పీకరు వెనక ఉన్న అయస్కాంతం కూడా కొంత చోటు తింటుంది, లోపల వేసే అడ్డకర్రలు కొంత తింటాయి. అవి కలిపితే తొంభై.

నాలుగు రాత్రులు నిద్రపోకుండా గదిలో అటూ ఇటూ తిరిగి గోడంతా నింపాడు. డిక్కీలో మ్యాట్లకు సగం చోటు వదలాలని అతనికతనే నిర్ణయించుకుని, అన్నివైపులా మూసిన చిన్న పెట్టె గీశాడు. లోపల గదులు లేవు, నాలుగింటికీ కలిపి ఒకటే చోటు. కోసి, జిగురు పెట్టి, స్క్రూలు బిగించాక పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, కొలత గీత ఉన్న బకెట్టుతో థర్మాకోల్ పూసలు పోస్తూ లెక్కపెట్టాడు. పద్దెనిమిది బకెట్లు పట్టింది. ఒక్కో బకెట్టు అయిదు లీటర్లు. సరిగ్గా తొంభై. ఆ పూసల్ని మళ్ళీ బకెట్లోకి ఎత్తుతూ ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు.

బావ చిన్న బ్యాటరీ తీసుకుని ఒక్కో వూఫరు తీగలకు తాకించి చూశాడు. తాకించగానే గిన్నె ముందుకి ఎగరాలి. ఒక్కటి వెనక్కి పోయినా మిగతా మూడింటి కష్టాన్నీ అదే తినేస్తుంది.

"మూడూ ముందుకొచ్చాయి. నాలుగోది నీలాంటిదేమో చూద్దాం" అంటూ తాకించాడు. అదీ ముందుకే ఎగిరింది. "పర్లేదురా, నీకంటే బుద్ధిమంతురాలే."

శనివారం మధ్యాహ్నం పెట్టె డిక్కీలో కూర్చుంది. ఓనరు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అద్దాలన్నీ ఎక్కించారు, డోర్లన్నీ మూశారు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ అలాగే వింటారు. బావ పాట పెట్టాడు.

బయట నిలబడ్డ టకటకకి ముందు అద్దాలు వణకడం కనిపించింది. తర్వాత ఓనరు కళ్ళజోడు ముక్కు మీంచి నెమ్మదిగా కిందికి జారడం కనిపించింది. ఆయన దాన్ని పైకి తోసుకున్నాడు, అది మళ్ళీ జారింది. అద్దం దించి బయటికి తల పెట్టినప్పుడు ఆయన మొహం చిన్నపిల్లాడిలా ఉంది.

"ఒరేయ్! కడుపులో పేగులు డాన్సు చేస్తున్నాయిరా!" అన్నాడు. "గీత నీదే. అన్న మాట అన్నట్టే."

ఆ సాయంత్రం ఓనరు ఒక తెల్లకాగితాల కట్ట తెచ్చి అతని బల్ల మీద పెట్టాడు. టకటక ఇంటికి నడిచి వెళ్ళలేదు. పరిగెత్తాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే, క్లాసు జరుగుతుందని మేడం చెప్పిన బడి మైదానానికి వెళ్ళాడు. తన పెట్టె నలభై మంది ముందు పలుకుతుంటే చూడాలని. బావను కూడా లేపి లాక్కెళ్ళాడు.

మైదానంలో మేడం బండిని మధ్యలో పెట్టి, డిక్కీ డోరు పైకెత్తింది. ఆడవాళ్ళు ఎవరి మ్యాటు వాళ్ళు చంకలో పెట్టుకుని వచ్చి, డిక్కీకి ఎదురుగా వరసలు కట్టారు. డిక్కీలో ఉన్నవి కొత్తవాళ్ళ కోసం దాచే అదనపు మ్యాట్లు మాత్రమే. టకటక అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. బండి లోపల ఎవరూ కూర్చోలేదు. ఎవరూ కూర్చోరు. డోరు తెరిచే ఉంటుంది.

మేడం ఈల ఊదింది. పాట మొదలైంది. ఖాళీ సూట్‌కేసు మీద ఎవరో అరచేత్తో కొడుతున్నట్టు డొక్కు డొక్కుమని ఒక చప్పుడు వచ్చింది. అంతే. నలభై మంది ఆ చప్పుడుకి చేతులూపారు.

"మేస్త్రీ, నిన్న నీ షెడ్డులో పలికిందీ ఇదేనా?" అంది మేడం.

"ఇదే మేడం."

"మరి ఎక్కడికి పోయింది?"

టకటక పరిగెత్తి డిక్కీ మూసి, బండిలో కూర్చున్నాడు. గుండెలదిరాయి. దిగి, డిక్కీ తెరిచాడు. పోయింది. మూశాడు, వచ్చింది. తెరిచాడు, పోయింది. ఆరుసార్లు అలా మూసి తెరిచాడు.

"బండికి గాలి కొడుతున్నాడా ఏంటమ్మా?" అంది మొదటి వరసలో ఒకావిడ. నవ్వులు లేచాయి.

అతను బండి చుట్టూ తిరిగాడు, వరసల మధ్య తిరిగాడు, మైదానం అంచు దాకా పోయి వచ్చాడు. రెండు గోడలు కలిసే మూలన నిలబడితే మాత్రం పాదాల కింద కాస్త బేసు తగిలింది. అక్కడ అర్థమైంది. ఇన్నేళ్ళూ తను పెట్టెలు చేశాననుకున్నాడు. సగం పని చేసింది బండి గోడలు, అద్దాలు, పైకప్పు. మూసిన బండిలో చిన్న దెబ్బ కూడా పోయేచోటు లేక అక్కడే పెరుగుతుంది. ఆరుబయట దాన్ని పట్టుకునేది ఏదీ లేదు. ఈ పెట్టె మూసిన బండికి అక్షరాలా సరైనదే. ఈ మేడంకి మాత్రం కాదు.

వెనక వరసలోంచి ఒకావిడ చెమట తుడుచుకుంటూ వచ్చింది. చూస్తే అక్క.

"నువ్విక్కడేంటి?" అన్నాడు.

"రెండేళ్ళుగా ఇక్కడే గెంతుతున్నాను. వెనక వరసలో మాకు ఈలే తప్ప పాట వినపడదు. ఒక్కసారైనా నన్నడిగావా?"

"నువ్వు ఈ క్లాసుకే వస్తావని నాకేం తెలుసు?"

"ఒకే ఇంట్లో ఉంటున్నాం కదరా!"

బావ ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయనకీ తెలియదని ఆ చూపే చెప్పింది.

మేడం మాత్రం కోప్పడలేదు. బండిని వెనక్కి తోలి, ఆ గోడల మూలలో పెట్టించి చూసింది. "ఇక్కడ కాస్త నయంగానే ఉందిలే. ఎండ మొహాన కొడుతుంది గానీ సర్దుకుంటాం" అంది. ఆవిడ సర్దుకుంటానన్నాక ఇక ఫిర్యాదు చేసేవాళ్ళే లేరు. ఆ సంగతి టకటకను ఇంకా పొడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు.

ఆ రోజంతా కాలు నిలవలేదు. తెల్లకాగితాల కట్ట బల్ల మీద ఉంది. ఊరుకుంటే గీత అతనిదే. పదేళ్ళుగా కావాలనుకున్నది అదే. ఓనరు తన చెవులతో తనే విన్నాడు. ఇంజనీరు గీసినా ఇలాగే గీసి ఉండేవాడు. ఇవన్నీ తనకు తను చెప్పుకుంటూ వీధి చివరిదాకా ఏడుసార్లు నడిచి వచ్చాడు. ఒక్కటి మాత్రం ఎంత నడిచినా అరగలేదు. ఇంజనీరు చేసే తప్పే తనూ చేస్తే, ఇద్దరికీ తేడా డిగ్రీ ఒక్కటే. అది కూడా ఆయన దగ్గరే ఉంది.

సోమవారం షాపు తెరుస్తుండగానే వెళ్ళి నిలబడ్డాడు. "పలకలేదు సార్."

"ఏది పలకలేదు?"

"మేడం పెట్టె. బయట పలకలేదు."

"నేను విన్నాను కదరా."

"మీరు లోపల విన్నారు. ఆవిడ బయట వింటుంది."

"ఆవిడేమైనా అందా?"

"అనలేదు."

"మరింకేం? నీ నోటికి ఊరుకోవడం తెలీదా?" ఓనరు గల్లా బల్ల మీద లేని దుమ్మును గట్టిగా తుడిచాడు. "ఊళ్ళో నలుగురికి చెప్పాను, మావాడే గీస్తున్నాడని. ఇప్పుడు నువ్వే వచ్చి పలకలేదంటావేంటి?"

"పలకలేదు కాబట్టి."

ఓనరు గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "సరే. పలక్కపోతే ఏమనుకున్నాం?"

"నోరు మూసుకోవాలనుకున్నాం."

"మూసుకో."

తెల్లకాగితాల కట్ట షాపులోకి, మేడం బండి కొలతలు ఇంజనీరుకి వెళ్ళిపోయాయి. బుధవారం ఇంజనీరు కాగితం వచ్చింది. అదే బండి, అవే నాలుగు వూఫర్లు. మళ్ళీ అన్నివైపులా మూసిన పెట్టె, ఈసారి ఇంకొంచెం చిన్నది. స్పీకర్లకిచ్చే కరెంటు బలం మాత్రం రెట్టింపు. కింద కుడివైపు సంతకం.

టకటక కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ప్లైవుడ్ షీటు బల్ల మీదికి ఎత్తాడు. గీతలు గీశాడు. రంపం అంచు గీత మీద ఆనించాడు. బావ వైరు చుడుతూ చుడుతూ ఆగిపోయాడు. అంతసేపు టకటక కదలకుండా నిలబడటం ఆయన అంతవరకూ చూడలేదు.

"సార్" అని పిలిచాడు టకటక. ఓనరు వచ్చాడు.

"ఏంటి?"

"ఇదీ పలకదు. నేను కొయ్యను."

"నోరు మూసుకుంటానన్నావు."

"అన్నాను. మాట తప్పాను. మాట నిలబెట్టుకుని ఇది కోస్తే ఆవిడ మళ్ళీ ఆ మూలలోనే నిలబడాలి, మొహాన ఎండ పెట్టుకుని."

"నీకెందుకురా? ఆవిడ సర్దుకుంటానంది కదా?"

"ఆవిడ సర్దుకుంటుంది. నాకు నిద్ర పట్టదు."

"కొయ్యనివాడికి రంపం ఎందుకు?" అన్నాడు ఓనరు. గొంతు పెంచలేదు. "అక్కడ పెట్టి వెళ్ళు."

టకటక రంపం బల్ల మీద పెట్టాడు. అది షాపు రంపం. తన కొలబద్ద, తన పుస్తకం తీసుకుని బయటికొచ్చాడు. పదేళ్ళ ఉద్యోగంలోంచి బయటపడటానికి పది అడుగులే పట్టింది. సందు చిన్నది కదా.

తిన్నగా మేడం ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"మేడం, మొన్న షాపులో మీరు ఏదో చెబుతుంటే నేను వినలేదు. ఇప్పుడు చెప్పండి. మొదట్నించీ."

ఆవిడ గొట్టం పక్కన పడేసి చెప్పింది. తనెక్కడ నిలబడుతుందో, ఎన్ని వరసలో, చివరి వరస ఎంత దూరమో, ఏ పాటలో, ఎంతసేపో. టకటక రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని విన్నాడు. బయట ఉంటే గేటు కొడతాయని.

"డిక్కీలో మ్యాట్లకు చోటు కావాలి కదా?" అన్నాడు చివర్లో.

"ఎందుకు? వెనక సీటు మీద పడేస్తాను. డిక్కీ మొత్తం నీదే."

ఈ ఒక్క ప్రశ్న ఆ మొదటి సోమవారమే అడిగి ఉంటే నాలుగు రాత్రులు మిగిలేవి.

రెండో పెట్టె అక్క ఇంట్లోనే తయారైంది. మేడం ప్లైవుడ్ బండి మీద కట్టించి తెచ్చింది, రంపం పక్కవీధి మేస్త్రీ దగ్గర అరువు తెచ్చాడు. ఈసారి పెట్టె పెద్దది, మొదటిదానికి దాదాపు రెట్టింపు. లోపల అడ్డగోడలు కట్టి నాలుగు గదులు చేశాడు, గదికో వూఫరు. ఒకే చోట నాలుగూ ఉంటే, ఒకటి చచ్చిన రోజున దాని వాటా గాలి కూడా మిగతావాటి మీద పడి, వాటినీ లాక్కుపోతుంది. ఎవరి గది వాళ్ళకుంటే మిగతా మూడూ బతుకుతాయి. ఒక్కో గదికీ ముందువైపు ఒక చెక్క గొట్టం పెట్టాడు. మూసిన పెట్టెలో ఊరికే పోయే వెనక గాలిని ఆ గొట్టం కాస్త ఆలస్యం చేసి, ముందు గాలితో కలిసేలా బయటికి పంపుతుంది. గోడలు చేసిపెట్టే సాయం ఆరుబయట ఆ గొట్టాలే చెయ్యాలి. పొడవు ఒక అంగుళం అటూ ఇటూ అయితే వేరే చప్పుడు వస్తుంది.

"ఇంట్లో ఉన్నవి రెండు గదులు. నీ పెట్టెలో నాలుగా?" అంది అక్క, దాన్ని దాటి వంటింట్లోకి పోతూ. చెక్కపొట్టు ఉప్పు డబ్బాలో కూడా పడింది. మూడు రోజులు కూరల్లో ప్లైవుడ్ వాసన. "ఉద్యోగం పోయిందన్న బెంగ ఎక్కడైనా ఉందా వీడి మొహంలో?"

"ఎందుకు లేదు? బెంగ గొట్టంలోంచి బయటికి పోతోంది" అన్నాడు బావ. షాపులో పని ముగించుకుని వచ్చి ఆయనే వైర్లు కలిపాడు. ఓనరుకు తెలిస్తే ఏమంటాడని టకటక అడిగితే, "నన్నేం అనడు. నేను మాట ఇవ్వలేదుగా" అన్నాడు.

బెంగ ఉంది. మధ్యమధ్యలో రంపం ఆపి, ఇది కూడా పలక్కపోతే తనెవరని ఆలోచించేవాడు. షెడ్డు లేదు, గీత లేదు. తను పట్టుబట్టింది నిజం కోసమా, పొగరు కొద్దీనా అని కూడా అనిపించేది. ఆ ఆలోచనతోనే మళ్ళీ కోసేవాడు.

తర్వాతి ఆదివారం మేడం బండిని మళ్ళీ మైదానం మధ్యలో పెట్టింది. డిక్కీ తెరిచింది. ఈల ఊదింది. టకటక వెనక వరస కంటే ఇంకా వెనక, అక్క పక్కన నిలబడ్డాడు.

బేసు నేల మీదుగా వచ్చింది. గుండెలదిరేంత కాదు, కళ్ళజోళ్ళు జారేంత కాదు. అరికాళ్ళలో మొదలై మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. వెనక వరసలో పాట వినకుండానే రెండేళ్ళు గెంతినవాళ్ళు, ముందువాళ్ళను చూసి చేతులూపడం మానేసి, కాళ్ళు వేయడం మొదలెట్టారు. నలభై జతల పాదాలు ఒక్కసారే నేలను తాకాయి.

"వినపడుతోందా?" అన్నాడు అక్కతో.

"అడిగావా? ఇవాళ వాన పడుతుంది" అంది అక్క, గెంతుతూనే.

మధ్యలో మేడం అతన్ని డిక్కీ దగ్గరికి పిలిచింది. "మేస్త్రీ, దీని గీత కాగితం నాకొకటి కావాలి. రేపు ఎక్కడైనా విరిగితే ఎవరో ఒకరు బాగుచెయ్యాలి కదా. కింద నీ పేరు రాయి."

టకటక జేబులు తడుముకున్నాడు. గీత కాగితం లేదు. కొలతలన్నీ ప్లైవుడ్ ముక్కల మీద, గోడ మీద, అక్క పాల చీటీ వెనక ఉన్నాయి. మేడం తన హాజరు పుస్తకంలోంచి ఒక తెల్ల పేజీ చింపి, పెన్ను ఇచ్చింది. అతను అక్కడే ఖాళీ మ్యాటు మీద కూర్చున్నాడు. చుట్టూ నలభై మంది ఎగురుతుంటే, గుర్తున్నదంతా గీశాడు. నాలుగు గదులు, మధ్య గోడలు, గొట్టాల పొడవులు. పెట్టె చేసేటప్పుడు మూడో గది గొట్టం అర అంగుళం పొట్టిగా కోశాడు, చివర్లో చెక్క చాల్లేదు. కాగితం మీద అన్నీ సమానంగా వేస్తే అందంగా ఉండేది. కాసేపు పెన్ను గాల్లో పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు అర అంగుళం తగ్గించే వేశాడు. కింద కుడివైపు మూలన పేరు రాశాడు. పేరు కింద ఏమీ రాయలేదు.

మేడం దాన్ని తీసుకుని, తలకిందులుగా ఒకసారి, సరిగ్గా ఒకసారి చూసి, మడవబోయింది.

టకటక చెయ్యి చాచి కాగితం వెనక్కి లాక్కున్నాడు.

"మళ్ళీ ఏంటి?" అంది మేడం.

"ఒక్క నిమిషం ఉండండి" అంటూ అతను మళ్ళీ కూర్చుని, పెట్టె బొమ్మకు ఎదురుగా, కాగితం అంచున, చివరి వరస ఎక్కడ నిలబడుతుందో ఒక గీత గీశాడు. దాని పక్కన ఎన్ని అడుగుల దూరమో రాయడానికి లేచి, పాదం ముందు పాదం పెట్టుకుంటూ లెక్కపెడుతూ వరసల మధ్యలోంచి నడవడం మొదలెట్టాడు. పక్కకి తప్పుకోమని ఎవరో అరుస్తున్నారు.